ఇవాళ ఎవరి పుట్టినరోజు?

మా ఆశ్రమంలో ఆకలేస్తే అన్నం పెట్టరండి. ఎవరైనా పుడితే పెడతారు.

వెటకారం కాదండి, నిజం. కాకినాడలో 'చల్లని నీడ నిరాశ్రయ సేవా ట్రస్టు' ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళందరూ చెబుతారు. గేటు మీద పెద్ద బోర్డు ఉంటుంది: 'నిరాశ్రయులు లేని నగరమే మా లక్ష్యం' అని. దాని కింద ఇంకో బోర్డు: 'ఎనిమిదేళ్ళుగా యాభై మంది నిరాశ్రయులు. ఒక్కరూ తగ్గలేదు.' రెండు బోర్డులూ ఒకే పెయింటరు రాశాడు. రాసినాయనకీ అనుమానం రాలేదు, రాయించినవాళ్ళకీ రాలేదు.

నా పేరు నూకరత్నం. యాభయ్యో మంచం నాది. అంతకుముందు జగన్నాథపురం వంతెన దగ్గర ఇరవై రెండేళ్ళు ఇడ్లీ బండి పెట్టుకుని బతికానండి. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి బండీ తీసేశారు, పక్కనే నేనుండే రేకుల గదీ కొట్టేశారు. పిండిమర మస్తానమ్మక్క దగ్గరే నేను ఎప్పుడూ పప్పు రుబ్బించుకునేదాన్ని. ఆవిడే జాలిపడి మర అరుగు మీద పడుకోమంది. పన్నెండు రోజులు పడుకున్నాను. పదమూడో రోజు పొద్దున్నే ఓ తెల్ల వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఓ అమ్మాయి దిగి, నన్ను పైకీ కిందికీ చూసి, "దొరికింది సార్! యాభై!" అని ఫోన్లో అరిచింది.

ఆ రోజు ట్రస్టు వార్షికోత్సవమట. ముందురోజే ఓ పెద్దాయన కాలం చేసి మంచం ఒకటి ఖాళీ అయిందట. ముఖ్య అతిథి కారు దిగేలోపు యాభై నిండాలి. అలా నేను నిండానండి.

లేనిపోని మాట అనకూడదు. మంచం ఇచ్చారు, దుప్పటి ఇచ్చారు, ఫ్యాను తిరుగుతుంది. తిండి సంగతే తమాషా. ట్రస్టుకి సొంతంగా వంటా వార్పూ లేదు. ఊళ్ళో ఎవరి పుట్టినరోజైతే వాళ్ళు వచ్చి మా యాభై మందికీ భోజనం పెడతారు. పొద్దున్న టిఫిను ఒక స్లాటు. పదకొండింటికి ఒక భోజనం, ఒంటిగంటకి ఇంకో భోజనం, సాయంత్రం కేకు. ఎవరూ పుట్టని స్లాటులో మరమరాలు. ఎక్కువమంది పుట్టిన రోజు మా అవస్థ దేవుడికెరుక. ఆగస్టులో ఓ ఆదివారం మూడు బిర్యానీలు, రెండు పులిహోరలు, నాలుగు కేకులు తిన్నాం. సాయంత్రానికి ముప్పై ఒకటో మంచం ఆవిడ "నాకెవరూ పుట్టొద్దు బాబోయ్" అని ఏడ్చింది.

తినడమంటే ఊరికే తినడం కాదు. ముందు వరసగా కూర్చోవాలి. దాత రాగానే లేచి నమస్కారం పెట్టాలి. పాట పాడాలి. కేకు కోశాక దీవించాలి. ఫొటో అయ్యాకే విస్తట్లో చెయ్యి పెట్టాలి. ఇవన్నీ నేర్పడానికి ఓ ఉద్యోగిని ఉంది. వ్యాను దిగి నన్ను పట్టుకున్న ఆ అమ్మాయే, పేరు సుహాసిని. ఉద్యోగం పేరు 'దాతల సంతృప్తి అధికారిణి'. మా సంతృప్తికి ఎవరినీ వేసినట్టు లేదు.

"నూకరత్నం గారూ, మీ ముఖంలో ఆకలి కనిపించట్లేదండీ," అంది ఓసారి, ఒంటిగంట స్లాటుకి ముందు.

"గంట క్రితమేగా తల్లీ, వెజిటబుల్ బిర్యానీ దట్టించి పెట్టారు. ఆకలి ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

"గుర్తు తెచ్చుకోండి. మీకు అనుభవం ఉంది కదా."

వెళ్ళి వరసలో కూర్చున్నాను. మర్నాడు గోడ మీద నోటీసు పడింది. అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి నోటీసులు చదివి అందరికీ చెప్పే పని నాదే. 'లబ్ధిదారులకు తెలియజేయునది ఏమనగా, దాత ప్రవేశించు సమయమునకు అందరును ఆకలిగొన్న ముఖముతో, అయినను ఆత్మగౌరవముతో కూర్చుండవలెను. త్రేన్పులు పూర్తిగా నిషేధము.' కింద సంతకం: గోవిందరాజులు, కార్యదర్శి.

గోవిందరాజులు గారు స్టాంపుల శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదండి, ఒట్టు. కానీ 'ఏమనగా' లేకుండా మంచినీళ్ళు కూడా అడగలేడు. ఆశ్రమం రూల్సన్నీ ఆయనే స్వయంగా రాశాడు. "నా డ్రాఫ్టులో లొసుగు ఉండదమ్మా. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు," అంటాడు రోజుకోసారి.

మాలో పేరున్న కళాకారుడు అప్పన్న తాత. పూర్వం రిక్షా తొక్కేవాడు. దాత కేకు కోస్తుంటే కళ్ళ వెంబడి నీళ్ళు ధారగా కార్చేస్తాడు. ఆ కన్నీళ్ళ కోసమే తిరిగి వచ్చే దాతలున్నారు. ఎలా వస్తాయి తాతా అని అడిగితే, "నా రిక్షా గుర్తు తెచ్చుకుంటానే. కొత్త టైర్లేసిన వారానికే పట్టుకుపోయారు," అన్నాడు.

మొదట్లో మనుషులే పుట్టేవారు. రానురాను ఓ కుక్క పుట్టింది. తెల్లటి బొచ్చుకుక్క, పేరు డైమండు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మా అందరిచేతా అక్షింతలు వేయించారు. అప్పన్న తాత కంగారులో దాని నెత్తి మీద చెయ్యి పెట్టి "దీర్ఘ సుమంగళీ భవ" అనేశాడు. "మగదండీ అది!" అంది ఓనరమ్మ. గొడవైపోయింది. సాయంత్రం కమిటీ కూర్చుని తీర్మానం చేసింది: శునకములకు 'చిరంజీవ', కార్లు ట్రాక్టర్లకు 'నిరపాయమస్తు', షాపులకు 'దినదినాభివృద్ధిరస్తు'. అవునండి, కారుకి కూడా పుట్టినరోజే. కొన్న రోజన్నమాట. ఓ సెల్‌ఫోన్ షాపు రెండో బ్రాంచికి వారం నిండిందని మాకు పకోడీలు పెట్టారు.

ఇంకోసారి స్లాట్లు తారుమారయ్యాయి. పదకొండింటికి రావలసినది బంగారు కొట్టాయన షష్టిపూర్తి. ఒంటిగంటకి రావలసినది ఓ రైసుమిల్లాయన వర్ధంతి. సుహాసినమ్మ కాగితం తిరగేసి చూసుకుంది. ఇంకేముంది! చనిపోయినాయన ఫొటోకి దండేసి పట్టుకుని కొడుకులు లోపలికి రాగానే, మేం యాభై మందిమీ చప్పట్లు కొట్టి హ్యాపీ బర్త్‌డే పాడేశాం. ఒంటిగంటకి సిల్కు లాల్చీ వేసుకుని నవ్వుతూ వచ్చిన బంగారు కొట్టాయన్ని చూసి బావురుమన్నాం. అప్పన్న తాత అయితే "అప్పుడే వెళ్ళిపోయావా నాయనా!" అని గుండెలు బాదుకున్నాడు. ఇక మమ్మల్ని రోడ్డు మీద పారేస్తారనుకున్నాను. అబ్బే! ఆయన కళ్ళు తుడుచుకుని, "నా సొంతవాళ్ళు కూడా నా కోసం ఇంతలా ఏడవరండీ," అని పదేళ్ళకి సరిపడా స్లాట్లు రాయించుకున్నాడు.

ఇలా నవ్వుకుంటూ తిట్టుకుంటూ రోజులు వెళ్ళిపోతుంటే, డిసెంబరు మొదట్లో మస్తానమ్మక్క నన్ను చూడ్డానికి వచ్చింది.

"ఒసే రత్నం, మర వెనక గది ఖాళీ అయిందే. కిటికీ ఉంది, కుళాయి ఉంది. ముందర బండి పెట్టుకోవడానికి జాగా కూడా ఉంది. నా పాత బండి బాగు చేయించాను. వచ్చెయ్యి," అంది.

నాకు ప్రాణం లేచొచ్చిందండి. కుళాయి ఉన్నందుకు కాదు, నా చేత్తో నేను పిండి కలుపుకుని, ఆకలేసినవాడికి ఇంత ఇడ్లీ వేసి ఇచ్చి... లేచి సంచీ సర్దబోయాను.

"అయితే బిల్డింగు ఓనరు ఆధార్ కార్డు చూపించమంటున్నాడు," అంది అక్క. "బండికి మునిసిపాలిటీ వాళ్ళూ అదే అడుగుతారు. జనవరి మూడో తారీకు దాకా చూస్తానన్నాడు. ఆ తరవాత ఆ గదిలో సిమెంటు బస్తాలు వేయిస్తాడట."

నా కార్డూ, పింఛను పుస్తకమూ ఆఫీసులో ఇనప బీరువాలో ఉన్నాయి. చేరిన రోజునే 'భద్రత నిమిత్తం' తీసుకున్నారు. ఇంకో కాపీ తీయిద్దామంటే ఫోన్ నంబరు కావాలట, ఆ ఫోను కాస్తా రేకుల కింద నుజ్జయింది. సరేనని గోవిందరాజులు గారి గదికి వెళ్ళాను. ఆయన గదిలో మేం కూర్చోకూడదు. నిలబడే చెప్పాను.

"నాకు ఇల్లు దొరికిందండి. వెళ్ళిపోతాను. కాగితాలు ఇప్పించండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "సంతోషం. మీరు గమనించవలసినది ఏమనగా, ఇక్కడినుంచి వెళ్ళుటకు దరఖాస్తు పెట్టుకొను అర్హత నిరాశ్రయులకు మాత్రమే కలదు. మీకు ఆశ్రయము దొరికినదని మీరే చెప్పుచున్నారు. కావున మీరు దరఖాస్తు పెట్టుకొనరాదు."

"పోనీ దొరకలేదనుకోండి."

"దొరకనిచో ఎక్కడికి వెళ్ళెదరు? దిక్కు లేనివారిని బయటకు పంపుట మా ఆశయాలకు విరుద్ధము."

"అయ్యా, మరి ఇక్కణ్ణించి ఎవరైనా ఎలా వెళ్తారండి?"

ఆయన ఫారం తీసి చూపించాడు. 'నిష్క్రమణకు కారణము: (అ) మరణము. (ఆ) ఇతరములు.' పక్కనే ఎర్ర సిరాతో, '(ఆ) వర్తించదు.'

"చూడమ్మా," అన్నాడు, ఈసారి కాస్త మామూలు మనిషిలాగా. "దాతలు యాభై మందికి బుక్ చేసుకుంటారు. నలభై తొమ్మిది మందే ఉంటే మోసమంటారు. ఎనిమిదేళ్ళ రికార్డు. నువ్వు వెళ్ళిపోతే బోర్డు మార్చాలి."

"వ్యాను పంపించి ఇంకొకరిని తెచ్చుకోండి."

"వెతుకుతున్నాం. ఊళ్ళో ఉన్న మూడు ట్రస్టులూ వెతుకుతున్నాయి. కాంపిటీషను చాలా ఉంది."

బయటకొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చానండి. పాతికేళ్ళుగా ఒకరి ముందు చెయ్యి చాచలేదు, నా కార్డు నాకిమ్మని బతిమాలుకోవలసి వచ్చింది. అప్పన్న తాత పక్కన కూర్చుని, "ఊరుకోవే, ఇప్పుడే కార్చేస్తే ఒంటిగంటకి ఏం మిగుల్తాయి," అన్నాడు. నవ్వొచ్చి చచ్చాను.

ఆ వారంలోనే సుహాసినమ్మకి కొత్త ఊహ పుట్టింది. 'ఒక రోజు అమ్మ' పథకం. పుట్టినరోజు దాతకి భోజనం పెట్టిన తృప్తి ఒక్కటే చాలదట, అనుబంధం కావాలట. అందుకని దాత మాలో ఒకరిని ఎంచుకుని, ఆ రోజుకి అమ్మగానో తాతగానో ఇంటికి తీసుకెళ్ళి, సాయంత్రం ఆరింటికి తెచ్చి అప్పగించాలి. గోవిందరాజులు గారు రెండు రాత్రులు మేలుకుని రూల్సు రాశాడట. అతిథికి శాలువా కప్పి, పుచ్చుకున్నట్టు సంతకం పెట్టి తీసుకెళ్ళాలి.

మొదటి బేరం నాదే. ఓ అపార్టుమెంటు ఆవిడ వచ్చి మమ్మల్నందరినీ వంకాయల్ని చూసినట్టు తిప్పి తిప్పి చూసి నన్ను ఏరుకుంది. కారులో తీసుకెళ్ళి, సోఫాలో కూర్చోబెట్టి, నా కాళ్ళకి దణ్ణం పెడుతూ వీడియో తీయించుకుంది. "మీ అమ్మగారు లేరా తల్లీ?" అన్నాను, పాపం అనుకుని.

"ఉందండీ, రెండు వీధుల అవతలే. ఆవిడ వీడియోలో సరిగ్గా రాదు."

అంతకుముందు లోపలికి వెళ్ళేటప్పుడు, ఆ అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి, పేరూ ఊరూ అడిగాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి సీలు కవరు తీసి చింపింది. చూద్దును కదా, నా ఆధార్ కార్డు! నా పింఛను పుస్తకం! వాచ్‌మన్ చూసి రిజిస్టర్లో రాసుకుంటూ, "పుట్టింది జనవరి ఒకటి," అని చదివాడు. ఆవిడ మళ్ళీ బ్యాగులో పెట్టేసుకుంది. సాయంత్రం ఆరింటికి నన్నూ కవరునీ కలిపి గోవిందరాజులు గారికి అప్పగించేసింది.

నాకు పుట్టినరోజుందని అప్పుడే తెలిసిందండి. ఆధార్ తీసిన రోజున ఎప్పుడు పుట్టావంటే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అన్నాను. వాళ్ళకి ఆ గడిలో గాలివాన పట్టదు. జనవరి ఒకటి కొట్టేశారు. తిరిగొచ్చాక మావాళ్ళందరినీ వాకబు చేశాను. అప్పన్న తాతదీ జనవరి ఒకటే. ముప్పై ఒకటో మంచం ఆవిడదీ అంతే. మా యాభై మందిమీ ఒక్క రోజునే పుట్టాం. ఏడాదికి వెయ్యి పుట్టినరోజులు జరిపే చోట మా పుట్టినరోజు మాకే తెలీదు!

మర్నాడంతా నోటీసు బోర్డు ముందే నిలబడ్డాను. పథకం రూల్సు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. రెండో రూలు: 'జన్మదినము గల ఏ వ్యక్తియైనను దాత కావచ్చును. కుల, మత, వయో, లింగ, ఆశ్రయ భేదము లేదు.' అయిదో రూలు: 'అతిథి వెంట ఆమె అసలు గుర్తింపు పత్రములు దాతకు అప్పగింపబడును.' ఏడో రూలు: 'నిర్ణీత సమయమునకు అతిథిని తిరిగి అప్పగించని దాతకు, ఇకపై పుట్టినరోజు జరుపుకొను అవకాశము శాశ్వతముగా నిరాకరింపబడును.' అంతే. ఎనిమిదో రూలు లేదు.

ఆ తరవాతి రోజు గోవిందరాజులు గారి గదికి వెళ్ళి, "జనవరి ఒకటి పొద్దున్న టిఫిన్ స్లాటు ఖాళీగా ఉందాండి?" అన్నాను.

సుహాసినమ్మ అక్కడే ఉంది. "అది ఎప్పుడూ ఖాళీయే. డిసెంబరు ముప్పై ఒకటిన అందరూ తెల్లారేదాకా కేకులు కోసుకుంటారు, పొద్దున ఎవరు లేస్తారు? ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నిండని స్లాటు అదొక్కటే. ఎవరికోసం?"

"నాకోసమేనమ్మా. నా పుట్టినరోజు. యాభై మందికీ ఇడ్లీ నేనే పెడతాను. పప్పూ రవ్వా మస్తానమ్మక్క ఇస్తానంది, రుబ్బించేదీ వండేదీ నేనే."

గోవిందరాజులు గారు కుర్చీలో ముందుకి జరిగాడు. "మీరు లబ్ధిదారు కదా! లబ్ధిదారు దాత ఎట్లు కాగలరు?"

"ఆశ్రయ భేదము లేదని తమరే రాశారు కదండి. రెండో రూలు."

ఆయన ఫైలు తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. తన మాటని తనే కాదనలేక మనిషి చెమటలు కక్కాడు.

"నా డ్రాఫ్టులో లొసుగు ఉండదే..."

"ఆయ్, లేదండి. అందుకేగా అడుగుతున్నాను."

సుహాసినమ్మ మాత్రం ఎగిరి గంతేసింది. జనవరి ఒకటి టిఫిన్ స్లాటు కూడా నిండిన ట్రస్టు రాష్ట్రంలో ఇంకోటి లేదట. "'ఒక రోజు అమ్మ' కూడా తీసుకుంటారా?" అంది.

"తీసుకుంటానమ్మా. ఎవర్నో ఆ రోజు చెబుతాను," అన్నాను.

జనవరి ఒకటి వచ్చింది. ముందురోజు మధ్యాహ్నమే మస్తానమ్మక్క మరలో పప్పు రుబ్బించాను. పొద్దున్నే ఆశ్రమం వంటగదిలో పొయ్యి వెలిగించాను. ఆ పొయ్యి వెలగడం నేనొచ్చాక అదే మొదలు. అల్లప్పచ్చడి చేశాను, కొబ్బరి చట్నీ చేశాను. ఏడాది తరవాత ఇడ్లీ రేకుల మీంచి ఆవిరి నా ముఖానికి తగిలిందండి. అక్కడే నిలబడి కాసేపు తగలనిచ్చాను.

నేను హాల్లోకి రాగానే, వరసగా కూర్చున్న నలభై తొమ్మిది మందీ లేచి నిలబడ్డారు. "రండి నూకరత్నం మేడం గారూ," అని సుహాసినమ్మ కుర్చీ వేసింది. నా కోసం కుర్చీ! పాట మొదలైంది. ఏడాదిగా ఎంతమందికి పాడామో, కుక్కకి పాడాం, కారుకి పాడాం, దండేసిన ఫొటోకి పాడాం. ఆ పాటలో నా పేరు వినపడేసరికి తల ఎత్తలేకపోయాను. అరవై రెండేళ్ళు వచ్చాయి, నేను పుట్టినందుకు ఎవరైనా సంతోషించడం అదే చూడ్డం. అప్పన్న తాత చెంపల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"చాల్లే తాతా, నా దగ్గర కూడా నటనేనా?" అన్నాను.

"రిక్షా గుర్తు తెచ్చుకోలేదే ఇవాళ," అన్నాడు.

ఆ రోజు ఎవ్వరూ ఆకలి ముఖం పెట్టలేదండి. వేడి వేడి ఇడ్లీ కనపడగానే వాళ్ళకి అదే వచ్చేసింది. ముప్పై ఒకటో మంచం ఆవిడ ఆరు తిని గట్టిగా త్రేన్చింది. దాతని నేనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

తరవాత ఆఫీసు గదికి వెళ్ళాం. "ఎవరిని ఎంచుకున్నారు మేడం?" అంది సుహాసినమ్మ, కెమెరా సిద్ధం చేసుకుంటూ.

"యాభయ్యో మంచం ఆవిడని. నూకరత్నం."

గోవిందరాజులు గారు రూల్సు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. దాత తనని తాను తీసుకుపోకూడదని ఎక్కడా లేదు. ఆయన మొహం చూస్తే జాలేసింది. కానీ రూలు ఆయనది, రూలు ముందు ఆయన కూడా చేతులు కట్టుకుని నిలబడే మనిషే. నిట్టూర్చి బీరువా తెరిచి సీలు కవరు తీశాడు. ఫారం నింపడం మొదలుపెట్టాడు.

"దాత?"

"నూకరత్నం."

"అతిథి?"

"నూకరత్నం."

"ఉభయులకు గల సంబంధము?"

కాస్త ఆలోచించాను. "సొంత మనిషండి. మధ్యలో కాస్త చూసుకోలేదు," అన్నాను. రాసుకున్నాడు.

"అప్పగింత సమయమున దాతయు అతిథియు ఎదురెదురుగా నిలువవలెను," అన్నాడు. రూలు కదా. బీరువా తలుపుకి నిలువుటద్దం ఉంది. వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. శాలువా తీసి నా భుజాల మీద నేనే కప్పుకున్నాను. ఫొటో తీశారు.

చివరగా, అందరు అతిథుల్నీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగాడు. "అమ్మా, ఈ దాతతో వెళ్ళుట మీకు ఇష్టమేనా?"

అపార్టుమెంటు ఆవిడతో పంపిన రోజున ఏ సమాధానం చెప్పానో గుర్తు లేదు. చెప్పేలోపే టిక్కు పెట్టేసి ఉంటారు. ఈసారి అద్దంలోకి సూటిగా చూశాను. నెరిసిన జుట్టు, ఎండకి నల్లబడ్డ మొహం, చేతులకింకా అంటుకున్న పిండి.

"ఇష్టమేనండి," అన్నాను. "ఈవిడతో అయితే ఎక్కడికైనా వెళ్తాను."

రెండు చోట్లా సంతకం పెట్టి, కవరు చంకలో పెట్టుకుని, రెండు బోర్డుల కిందనుంచీ నడుచుకుంటూ వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే పిండిమర ముందు బండి పెట్టాను. మొదటి వాయి దించుతుండగా రోడ్డు మీద స్కూటరు ఆగింది. గోవిందరాజులు గారు. నిద్ర లేనట్టుంది. జేబులోంచి కాగితం తీసి నిలబడే చదివాడు.

"దాత శ్రీమతి నూకరత్నం గారికి తెలియజేయునది ఏమనగా, తమరు తీసుకొనిపోయిన అతిథి శ్రీమతి నూకరత్నంను నిన్న సాయంత్రం ఆరు గంటలకు తిరిగి అప్పగించనందున, ఏడవ నిబంధన ననుసరించి, తమరికి ఇకపై పుట్టినరోజు జరుపుకొను అవకాశము శాశ్వతముగా నిరాకరింపబడినది."

"సరేనండి," అన్నాను. "అతిథి కులాసాగానే ఉందని రాసుకోండి. ఇప్పుడే కాఫీ తాగింది."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళలేదు. "వ్యాను పొద్దున్నే బయల్దేరింది. ఎవరూ దొరకలేదు," అన్నాడు. స్కూటరుకి స్టాండు వేసి, "నా బల్ల మీద నలభై తొమ్మిది దరఖాస్తులున్నాయి. వచ్చే జనవరి ఒకటి, టిఫిన్ స్లాటు. ఒక్కటే స్లాటు కదా, అందరూ కలిసే పెడతారట. అప్పన్న తనని తాను ఇప్పుడే బుక్ చేసుకున్నాడు," అన్నాడు.

"తాతకి చెప్పండి, పప్పు నేను రుబ్బించి పెడతానని."

గోవిందరాజులు గారు బండిలోని ఇడ్లీల వంక చూశాడు. చట్నీ గిన్నె వంక చూశాడు. ఇవాళ అక్కడ ఎవరూ పుట్టలేదని నాకు తెలుసు. ఏడాదిగా ఆ కాలెండరు చూస్తూనే ఉన్నాను కదా, రెండో తారీకు టిఫిను మరమరాలే. ఆయన టిఫినూ రోజూ అక్కడే.

ప్లేటులో నాలుగిడ్లీలు పెట్టి, పైన చట్నీ వేసి అందించాను. ఆయన బల్ల మీద కూర్చున్నాడు. అలవాటు చొప్పున చేతులు జోడించాడు. తినకుండా అటూ ఇటూ చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇవాళ ఎవరి పుట్టినరోజమ్మా?"

"ఎవరిదీ కాదండి," అన్నాను. "ఇవాళ శుక్రవారం. తినండి."